నొప్పి మాత్రతో షుగర్ తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

అపోహ: షుగర్‌కు మూలం ఒంట్లో వాపే కదా, నొప్పి మాత్ర వేసుకుంటే షుగరూ దిగుతుంది.

వాస్తవం: వాపు మాట కొంత నిజమే. అది కాలికి వచ్చే వాపు లాంటిది కాదు. పొట్ట కొవ్వులో, కాలేయంలో ఏళ్ల తరబడి సన్నగా రగులుతూ ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు. అయితే దీని మీద పెద్ద ట్రయల్‌లో పరీక్షించింది మనం మామూలుగా వేసుకునే నొప్పి మాత్ర డైక్లోఫెనాక్‌ను కాదు, సాల్సలేట్‌ను. ఆస్పిరిన్‌కు దగ్గరి బంధువైన పాత కీళ్ల నొప్పుల మందు అది.

బోస్టన్‌లోని జోస్లిన్ డయాబెటిస్ సెంటర్ ఆధ్వర్యంలో 286 మంది షుగర్ రోగులకు 48 వారాల పాటు రోజుకు 3.5 గ్రాముల సాల్సలేట్ గానీ, మందు లేని ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చారు. ఫలితాలు 2013లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వాళ్లతో పోలిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే పరీక్ష) 0.37 శాతం తక్కువ. అంటే 8.0 ఉండాల్సింది 7.6 దగ్గర ఉన్నట్టు. తగ్గిన మాట నిజం, కానీ అదే మనుషుల్లో చెడు కొలెస్ట్రాల్, బరువు, మూత్రంలో అల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి కారే ప్రోటీన్) పెరిగాయి. మందు ఆపాక అల్బుమిన్ మళ్లీ దిగింది. గుండె, కిడ్నీల కోసమే షుగర్‌ను అదుపు చేస్తాం కాబట్టి ఈ లెక్క చిన్నది కాదు. అందుకే ఇది నేటికీ ఆమోదం పొందిన షుగర్ మందు కాలేదు.

అపోహ: గుండెకు వేసుకునే 75 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ చాలు.

చాలదు. ట్రయల్ మోతాదు బరువులో దానికి దాదాపు 47 రెట్లు. అంత ఆస్పిరిన్ సొంతంగా మింగితే కడుపులో రక్తస్రావం కావచ్చు, చెవుల్లో గుయ్‌మనొచ్చు. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడేవారికైతే చెమటలు పట్టి, చేతులు వణికి షుగర్ పడిపోవచ్చు.

మోకాళ్ల నొప్పికని రోజూ డైక్లోఫెనాక్ వేసుకోవడం ఇంకా ఎక్కువ భయపెడుతుంది. దానికి టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర తోడైతే కిడ్నీకి రక్తం తగ్గి, కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ పెరగొచ్చు. అప్పుడు షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ మోతాదూ మార్చాల్సి రావచ్చు.

అపోహ: వాపు తగ్గించే మందు ఏదైనా షుగర్‌కు మంచిదే.

స్టెరాయిడ్లు వాపును గట్టిగా తగ్గిస్తాయి, షుగర్‌ను మాత్రం పెంచేస్తాయి. పొద్దున ప్రెడ్నిసొలోన్ వేసుకున్నవారికి పరగడుపు రీడింగ్ మామూలుగానే ఉండొచ్చు. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు, రాత్రి భోజనానికి ముందు చూడండి, అసలు పెరుగుదల అక్కడ దొరుకుతుంది.