సైబీరియా కొంగలు, 60 ఎక్స్ జూమ్, ఇంకొన్ని అపోహలు

డిసెంబరు వచ్చిందంటే హైదరాబాద్ చుట్టుపక్కల చెరువులకు ఆదివారం పూట గ్రూపుల్ని తీసుకెళ్లడం నా పని. సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యానికి బయల్దేరే ముందు సాయంత్రం వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలు ఏటా దాదాపు అవే. కొత్తవాళ్లు అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ప్రశ్నల వెనకున్న నమ్మకాలు పొద్దున చెరువు కట్ట మీద అడ్డం పడతాయి. అందుకే ముందే చెప్తున్నా.

అపోహ: చలికాలంలో కనిపించే పెద్ద కొంగలు సైబీరియా నుంచి వచ్చి, ఇక్కడ గుడ్లు పెట్టుకుని వెళ్తాయి

అన్నిటికంటే మొండి అపోహ ఇది. పేపర్లో ఫొటో వేసి కింద ‘సైబీరియా అతిథులు’ అని రాస్తారు. ఫొటోలో ఉండేది చాలాసార్లు ఎర్రకాళ్ల కొంగ, లేదంటే గూడబాతు (పెలికాన్). రెండూ మన ఉపఖండం పక్షులే. నీళ్లూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి చాలా దూరమే తిరుగుతాయి కానీ సైబీరియా మొహం చూడవు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరివాళ్లు వీటిని పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఆ ఆదరణ ఉన్నచోట సైబీరియా అన్నారని ఎవరితోనూ వాదన పెట్టుకోను. పేపర్లతో మాత్రం పెట్టుకుంటాను.

గుర్తుపెట్టుకోవడానికి ఒక సూత్రం: చలికాలంలో ఇక్కడ గూడు కట్టి పిల్లల్ని పెంచుతోందంటే అది ఇక్కడి పక్షే. నిజంగా రష్యా, కజకిస్తాన్ వైపు నుంచి వచ్చే సూదితోక బాతు, షవలర్, గార్గనీ లాంటి బాతులు ఇక్కడ గుడ్లు పెట్టవు. వాటి పిల్లల సంగతంతా ఎండాకాలంలో అక్కడే అయిపోతుంది. ఇక్కడికొచ్చేది తిండికి. చలికి తట్టుకోలేక వస్తాయనడం కూడా సగం నిజమే. బాతు ఈకలు మామూలు చలిని ఆపుతాయి. అక్కడ నీళ్లు గడ్డకట్టి తిండి అందకపోవడమే అసలు ఇబ్బంది.

పట్టీతల బాతులు ఎవరెస్ట్ మీదుగా ఎగిరి వస్తాయన్న మాట కూడా బాగా తిరుగుతుంది. ట్రాకర్లు కట్టి చూస్తే అవి నమోదు చేసిన అత్యధిక ఎత్తు సుమారు 7,290 మీటర్లు. ఎవరెస్ట్ 8,849. ఎక్కువ పక్షులు ఇంకా కిందగా, లోయలూ కనుమలూ పట్టుకునే హిమాలయాలు దాటుతాయి. నాకైతే ఇదే ఇంకా గొప్పగా అనిపిస్తుంది.

అపోహ: జూమ్ ఎంత ఎక్కువుంటే పక్షి అంత బాగా కనబడుతుంది

ఆన్‌లైన్‌లో 60 ఎక్స్ అని రాసి అమ్మే బైనాక్యులర్లు పట్టుకొస్తారు. అంత జూమ్‌లో చెయ్యి ఏ కాస్త వణికినా బొమ్మ మొత్తం ఊగుతుంది, చెరువులో సగం వెతికినా బాతు దొరకదు. మేం చెప్పేది 8x42. ఇందులో 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వ్యాసం ఎన్ని మిల్లీమీటర్లో. 42ని 8తో భాగిస్తే కంటికి అందే వెలుగు వలయం 5 మిల్లీమీటర్ల పైచిలుకు వస్తుంది. మంచు పట్టిన పొద్దున మసక వెలుతురులో పనికొచ్చేది అదే. చెరువు మధ్యలో ఉన్నవాటికి ట్రైపాడ్ మీద పెట్టే స్పాటింగ్ స్కోప్ కావాలి. గ్రూపుకి ఒకటి చాలు. క్యూలో ముందున్న అంకుల్ ఎంతకీ కన్ను తీయకపోతే మొహమాటపడకుండా భుజం తట్టండి.

పెద్ద కెమెరా ఉంటేనే రావాలనేం లేదు. నిజం చెప్పాలంటే మొదటిసారి లేకుండా వస్తేనే మంచిది. కెమెరా ఉన్నవాళ్లు ఒక్క పక్షి వెంటే పడి మిగతావి చూడరు.

అపోహ: చెరువు నిండితే పక్షులకు పండగ

మనకు పండగ, పక్షుల్లో చాలావాటికి కాదు. మత్తడి దూకుతున్న చెరువులో నీటికాకులు, మునిగి వేటాడే కొద్ది రకాల బాతులు తప్ప మిగతావాటికి కాలు ఆనదు. షవలర్, సూదితోక బాతు లోపలికి మునగవు, లోతు తక్కువ నీళ్లలో పైపైనే మేస్తాయి. ఉల్లంకి పిట్టలకు, పొడుగుకాళ్ల స్టిల్టు పిట్టలకు బురద కావాలి. నీరు మెల్లగా వెనక్కి తగ్గి, శిఖం భూమిలో, అంటే చెరువు లోపలి నేలలో, తడి మన్ను బయటపడే జనవరి, ఫిబ్రవరి నెలల్లో అసలు సందడి. వానలు దంచికొట్టిన ఏడాది నీళ్లు ప్రతి గుంటలోనూ ఉంటాయి కాబట్టి పక్షులు చెల్లాచెదురై పోతాయి. ‘ఈసారి పక్షులే రాలేదు’ అని అప్పుడే తేల్చేయకండి.

ఇందుకే సుందరీకరణ పేరుతో చుట్టూ రాతి గోడ కట్టి, అంచుదాకా నీళ్లు నింపి, వాకింగ్ ట్రాక్ వేసిన చెరువు చూస్తే నాకు ఉసూరుమంటుంది. ఒడ్డు ఏటవాలుగా లేకపోతే బురద ఎక్కడి నుంచి వస్తుంది? పచ్చగా ఉంది కదా అని గుర్రపుడెక్క చూసి మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. దాని మీద జకానా పిట్టలు నడుస్తాయి, నిజమే. కానీ అది మొత్తం పరుచుకుంటే బాతుకి దిగేచోటు ఉండదు. ఆ పచ్చదనం చాలావరకు మన మురుగునీటి చలవ.

అపోహ: తెల్లారక ముందే చేరుకోకపోతే ఇక దండగ

అడవి పిట్టలకు వర్తిస్తుంది. చెరువు దగ్గర మంచు విడేదాకా తెల్లటి తెర తప్ప ఏమీ కనిపించదు. బాతులు పగలంతా నీళ్ల మీదే ఉంటాయి. గద్దలు లేచేది ఎండెక్కి గాలి వేడెక్కాకే. టైం కంటే దిక్కు ముఖ్యం: పొద్దున తూర్పు గట్టున నిలబడి పడమరకు చూడండి, సూర్యుడు వీపు వెనక ఉంటాడు. ఎదురెండలో ఏ బాతైనా నల్లబాతే.

అపోహ: ఆకుపచ్చ బట్టలు వేసుకుంటే పక్షులకు కనబడం

పక్షులకు రంగులు మనకంటే బాగా తెలుస్తాయి, మిలిటరీ టీషర్టుతో వాటిని బురిడీ కొట్టించలేం. మరీ తెలుపు, నియాన్ రంగులు వద్దంటాం, అంతే. అసలు బెదరగొట్టేది కదలిక, గోల, కట్ట మీద ఆకాశానికి అడ్డంగా నిలబడ్డ మన ఆకారం. కట్ట నడినెత్తిన కాకుండా ఒక పక్కకు దిగి నడిస్తే చాలు. ఇంత జాగ్రత్తపడ్డా తీతువు పిట్ట ఊరుకోదు, దూరం నుంచే అరిచి చెరువంతా చాటింపు వేస్తుంది. దాని అరుపు అపశకునమని భయపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేల మీద గుడ్లు పెట్టే పక్షి కదా, ఎవరు దగ్గరికొచ్చినా అరవడం దాని బతుకుతెరువు.

అపోహ: గోధుమరంగు బాతులన్నీ ఒకటే, ఆడవే

చాలా రకాల మగబాతులు జతకట్టే కాలం అయ్యాక రంగుల ఈకలు రాల్చి, కొన్నాళ్లు ఆడబాతుల్లాగే ఉంటాయి. అక్టోబరు, నవంబరుల్లో వచ్చేసరికి చాలావాటిది ఇదే వేషం. చలికాలం సగమయ్యేసరికి రంగులు తేలతాయి. అప్పటిదాకా రంగు వదిలేసి ముక్కు చూడండి. గరిటెలాంటి వెడల్పు ముక్కు నీళ్లమీద ఆనించి గుండ్రంగా తిరుగుతుంటే షవలర్. పొడవాటి సన్నని మెడ అయితే సూదితోక బాతు. నల్లముక్కు చివర పసుపు ఉంటే అది ఏడాది పొడవునా ఇక్కడే ఉండే మన స్పాట్‌బిల్ బాతు.

అపోహ: మంజీరాలో మొసళ్లు కథలే

ఉన్నాయి. 1978లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించడానికి ఒక కారణం అవే. చలికాలం ఎండకాచుకోవడానికి ఒడ్డుకొస్తాయి. చేతులు కడుక్కోవడానికి నీళ్ల దగ్గరికి దిగొద్దు, వాటర్ బాటిల్ తెచ్చుకోండి.

అపోహ: అన్ని వందల పక్షుల్ని ఎవరు లెక్కపెడతారు, ‘చాలా’ అని రాస్తే చాలు

ఆసియా నీటిపక్షుల గణన మన దగ్గర 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది, అందులో ఎక్కువమంది మనలాంటి మామూలు జనమే. పద్ధతి కష్టం కాదు. గుంపులో ఒక మూల పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టాయో కంటికి పట్టించుకోండి. అలాంటి ముక్కలు గుంపులో ఎన్నున్నాయో ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ పోండి. పెద్ద గుంపైతే యాభైల ముక్కలు. ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, చివర్లోనే అంకెలు చెప్పుకోండి. ముందే చెప్తే రెండోవాళ్ల అంకె మొదటివాళ్ల దగ్గరికి జరిగిపోతుంది. తేడా మరీ ఎక్కువుంటే మళ్లీ మొదటికి.

ఏమీ కనబడని చెరువుని కూడా వదిలేయకుండా సున్నా వేయండి. ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎంతసేపు చూశారు, ఎంత దూరం నడిచారు అన్నవి తప్పకుండా రాయాలి. అవి లేని లెక్కను వచ్చే జనవరి లెక్కతో పోల్చి చూడటానికి వీలుండదు.