హాలిడే మెంబర్‌షిప్ కొనాలా వద్దా? అపోహలు - వాస్తవాలు

నేను వినియోగదారుల కమిషన్‌లో కేసులు చూసే లాయర్‌ని. హాలిడే క్లబ్ మెంబర్‌షిప్, అంటే ముందే పెద్ద మొత్తం కట్టి ఏటా కొన్ని రాత్రులు కంపెనీ రిసార్టుల్లో ఉండే పథకం, దాని ఫైళ్లు నా టేబుల్ మీద ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి. మాల్‌లోనో, పెట్రోల్ బంకులోనో లక్కీ డ్రా కూపన్ నింపుతారు. వారం తిరక్కుండా ఫోనొస్తుంది: "సార్, మీకు గిఫ్ట్ వచ్చింది. మేడమ్‌ని కూడా తీసుకుని రండి." హోటల్ హాల్లో గంటన్నర కూర్చుని లేచేసరికి కార్డు గీకడం, సంతకాలు పెట్టడం అన్నీ అయిపోతాయి. ఇంటికొచ్చాక అనుమానాలు మొదలవుతాయి.

మెంబర్‌షిప్ కొనడమే తప్పని నేను అనను. అయితే చాలామంది తాము కొన్నదేమిటో తెలియకుండానే కొంటున్నారు. నా దగ్గరకొచ్చేవాళ్ల నోట తరచుగా వినే మాటలు, వాటి వెనక అసలు సంగతి కింద రాస్తున్నాను.

అపోహ: ఇది ఆస్తి. మన తర్వాత పిల్లలకు వస్తుంది.

వాస్తవం: మన దేశంలో అమ్మే మెంబర్‌షిప్పులు దాదాపు అన్నీ వాడుకునే హక్కు మాత్రమే ఇస్తాయి. రిసార్టులో అంగుళం కూడా మీ పేరు మీదకు రాదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ ఉండదు. ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల సర్టిఫికెట్, తీస్తే మీ పేరు కనపడదు. అది మీకూ కంపెనీకీ మధ్య ఒక కాంట్రాక్టు, అంతే. మన దగ్గర ఈ వ్యాపారంలో పెద్ద పేర్లు 1986లో మొదలైన స్టెర్లింగ్, 1996లో మొదలైన క్లబ్ మహీంద్రా. 25 ఏళ్లు, ఏడాదికి ఏడు రాత్రులు అనేది అందరికీ తెలిసిన లెక్క. పిల్లలకు వచ్చేది అందులో మిగిలిపోయిన ఏళ్లు మాత్రమే, వాటితో పాటు ఏటా కట్టాల్సిన ఫీజు.

అమెరికాలో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. ఓర్లాండోలో డిస్నీ చూడటానికి వెళ్లినప్పుడో, లాస్ వేగస్‌లోనో ఇలాంటి ప్రెజెంటేషన్‌లో కూర్చుంటారు. ఇలాంటి పథకాలను టైమ్‌షేర్ అంటారు, అక్కడ కొన్నింటిని నిజంగానే దస్తావేజు రాసి అమ్ముతారు. చాలావాటికి ముగింపు తేదీ ఉండదు, కాబట్టి మెయింటెనెన్స్ ఫీజుకూ ముగింపు ఉండదు. అయితే అక్కడ ఒక రక్షణ ఉంది. కొన్న తర్వాత మనసు మారితే రద్దు చేసుకోవడానికి ఫ్లోరిడా చట్టం పది రోజులు, నెవాడా చట్టం ఐదు రోజులు గడువిస్తాయి. యూరప్‌లో పద్నాలుగు రోజులు ఉంటుంది, ఆ రోజుల్లో అడ్వాన్సు తీసుకోవడం కూడా నిషేధం. మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేక చట్టం లేదు. కంపెనీ ఒప్పందంలో ఎన్ని రోజులని రాసిందో అదే మీకున్న గడువు.

అపోహ: ఒక్కసారి కడితే 25 ఏళ్లు గది ఉచితం.

వాస్తవం: ఈ ఒక్క మాటే అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచింది. కాబట్టి కాస్త ఓపిగ్గా లెక్క వేద్దాం. ఉదాహరణకు మెంబర్‌షిప్ 5 లక్షలు, ఏటా కట్టే ఏఎస్ఎఫ్, అంటే మెయింటెనెన్స్ లాంటి ఫీజు, జీఎస్టీతో కలిపి 20,000 అనుకోండి.

సేల్స్‌వాళ్లు ఎలా చెబుతారంటే: 25 ఏళ్లు, ఏడాదికి ఏడు రాత్రులు, మొత్తం 175 రాత్రులు. 5 లక్షలను 175తో భాగిస్తే రాత్రికి 2,857 రూపాయలు. "సార్, ఈ రేటుకి మంచి లాడ్జి కూడా రాదు" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది.

అదే 5 లక్షలు 7 శాతం వడ్డీకి డిపాజిట్ చేస్తే, ఏటా దాదాపు 42,900 చొప్పున 25 ఏళ్ల పాటు తీసుకోవచ్చు. అప్పటికి అసలు కూడా పూర్తవుతుంది. వడ్డీ మీద పన్ను పక్కన పెడుతున్నాను. అంటే మెంబర్‌షిప్ కోసం మీరు ఏటా వదులుకుంటున్నది 42,900. దానికి ఏఎస్ఎఫ్ 20,000 కలిపితే 62,900. ఏడు రాత్రులతో భాగిస్తే రాత్రికి దగ్గర దగ్గర 9,000. భోజనం, ప్రయాణం అదనం. ఒక ఏడాది వెళ్లలేక ఆ రాత్రులు పోగొట్టుకుంటే, మరుసటి ఏడాది గది మీకు పడేది 18,000.

ఇక ఏఎస్ఎఫ్ ఉన్నచోట ఉండదు. ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగిందనుకుంటే పదమూడో ఏట 40,000 దాటుతుంది, ఇరవై అయిదో ఏట 81,000కు చేరుతుంది. మొత్తం కలిపితే దాదాపు 11 లక్షలు. మెంబర్‌షిప్ ధర కంటే రెట్టింపు పైనే! ఒప్పందంలో ఏఎస్ఎఫ్ పెంపు గురించి ఏం రాశారో చూడకుండా సంతకం పెట్టొద్దని నేను పదేపదే చెప్పేది ఇందుకే. పెంపునకు పరిమితి ఉందా, దేనికి ముడిపెట్టారు, కట్టకపోతే ఏమవుతుంది? మామూలుగా అయితే బాకీ తీరేవరకు బుకింగ్ ఆపేస్తారు, పైన వడ్డీ వేస్తారు.

ఈఎంఐలో కొంటే ఇంకొంచెం భారం. లక్ష డౌన్‌పేమెంట్ కట్టి మిగతా 4 లక్షలు 15 శాతం వడ్డీతో నాలుగేళ్లలో తీర్చాలంటే నెలకు 11,130 దాకా పడుతుంది. వడ్డీయే లక్షా 34 వేలు.

సేల్స్‌వాళ్ల వాదనలో నిజం కూడా కొంత ఉంది. హోటల్ రేట్లు పెరుగుతాయి, మీరు ముందే కట్టేసిన భాగం పెరగదు. అందుకే నేను చెప్పే పద్ధతి ఒకటే: మీరు వెళ్లాలనుకునే ఊళ్లో, వెళ్లగలిగే తేదీల్లో, అదే స్థాయి గది అద్దె ఎంతో ఏదైనా బుకింగ్ యాప్‌లో చూడండి. 12,000 చూపిస్తే మెంబర్‌షిప్ గురించి ఆలోచించవచ్చు. 5,000 చూపిస్తే ఆ విషయం అక్కడితో తేలిపోయినట్టే. అరకులో, హార్సిలీ హిల్స్‌లో, అనంతగిరిలో ప్రభుత్వ పర్యాటక సంస్థల హరిత హోటళ్ల గదుల రేటు కూడా పక్కన పెట్టుకుని చూడండి.

అపోహ: ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ.

వాస్తవం: ఏడాదిని కంపెనీలు సీజన్లుగా కోస్తాయి, ఒక్కో సీజన్‌కు ఒక్కో రంగు, ఒక్కో ధర. క్లబ్ మహీంద్రాలో పర్పుల్ అన్నిటికంటే పైది, తర్వాత రెడ్, వైట్, బ్లూ. తక్కువ ధరకు వచ్చిందని కింది సీజన్ తీసుకుంటే, రద్దీ వారాల్లో గది అడిగే హక్కే మీకు ఉండదు.

బడికెళ్లే పిల్లలున్న ఇంటికి ఇది చాలా పెద్ద విషయం. మనకు సెలవులంటే ఏవి? ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా వేసవి, దసరా, సంక్రాంతి. ఊటీ, కొడైకెనాల్, కూర్గ్, మున్నార్‌లో మే నెలంటే అసలు రద్దీ అదే. పిల్లలకు సెలవులున్న రోజుల్లో పనికిరాని మెంబర్‌షిప్ కొని, పనికొచ్చే రోజుల్లో వాళ్లను బడి మాన్పించలేక వదిలేసిన తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చినవాళ్లలో ఎక్కువ. పై సీజన్ కొన్నవాళ్లకు కూడా గది ఖాయం కాదు. "లభ్యతను బట్టి" అనే రెండు మాటలు ఒప్పందంలో ఎక్కడో ఒక చోట ఉంటాయి. నెలల ముందే బుకింగ్ తెరుచుకుంటుంది, ముందు అడిగినవాళ్లకు దొరుకుతుంది. మీ రాత్రులను వేరే రిసార్టుల రాత్రులతో మార్చిపెట్టే ఆర్‌సీఐ లాంటి సంస్థల ద్వారా విదేశాలకు వెళ్లొచ్చన్నది నిజమే, కానీ దానికి వేరే ఫీజు ఉంటుంది, అక్కడా లభ్యతే ఆధారం.

కొనేముందు చేయాల్సిన పరీక్ష ఇది. ఇప్పటికే మెంబర్‌గా ఉన్న తెలిసినవాళ్లను పట్టుకుని, వాళ్ల లాగిన్‌లో మీకు కావలసిన రెండు మూడు ఊళ్లు, వచ్చే వేసవి తేదీలు పెట్టి చూడమనండి. ఆ స్క్రీన్ చెప్పినంత నిజం ఏ ప్రెజెంటేషనూ చెప్పదు.

అపోహ: మేనేజరే స్వయంగా మాటిచ్చాడు, ఇంకేం కావాలి?

వాస్తవం: ఆ హాల్లో టేబుల్ మీద ఒక తెల్ల కాగితం ఉంటుంది. సేల్స్ అబ్బాయి దాని మీద మీ కళ్లెదుటే లెక్కలు వేస్తాడు. 6,80,000 అని రాసి కొట్టేస్తాడు. కింద 5,90,000 రాసి మళ్లీ కొట్టేస్తాడు. అప్పుడు మేనేజర్ వచ్చి "ఈ రోజుకు మాత్రమే" అని ఇంకో అంకె రాసి గుండ్రంగా చుడతాడు. పక్కన "గోవా 3 రాత్రులు ఫ్రీ", "విమానం టికెట్లు 2", "నచ్చకపోతే వాపస్" అని కూడా రాస్తాడు. సంతకాలు అయిపోయాక మీ చేతికి ఫోల్డర్ వస్తుంది, ఆ తెల్ల కాగితం మాత్రం ప్యాడ్‌తో పాటు లోపలికి వెళ్లిపోతుంది. ఫైలు తీసుకుని వచ్చినవాళ్లను నేను మొదట అడిగేది ఆ కాగితం గురించే. దాదాపు ఎవరి దగ్గరా ఉండదు.

ఒప్పందం చివర్లో "ఇందులో రాసినవి తప్ప వేరే హామీలేవీ ఇవ్వలేదు" అన్న షరతు ఉంటుంది. దాని కింద మీ సంతకం ఉంటుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నప్పుడు నోటిమాటతో దాన్ని కాదనడం చాలా కష్టం. కాబట్టి ఆ కాగితాన్ని అడిగి తీసుకోండి, లేదంటే ఫోన్‌తో ఫొటో తీయండి. ఇచ్చిన ప్రతి హామీనీ కంపెనీ మెయిల్ నుంచి పంపమనండి. వద్దని తప్పించుకుంటే ఆ హామీ లేనట్టే లెక్క. వాట్సాప్‌లో వచ్చినవాటిని చెరపకండి, ఫోన్ మార్చినా పాతది దాచండి. సరైన సర్టిఫికెట్‌తో దాఖలు చేస్తే అవి సాక్ష్యంగా పనికొస్తాయి.

"ఈ రోజుకు మాత్రమే" అన్న ఆఫర్ గురించి ఒక్క మాట. "రేపు చెబుతాం" అని లేచి వచ్చిన దంపతులకు వారంలోపే అంతకంటే తక్కువ ధర చెబుతూ ఫోన్లొచ్చిన సందర్భాలు నేను చూశాను.

అపోహ: పెట్టుబడిగా కూడా పనికొస్తుంది. అవసరమైతే అమ్ముకోవచ్చు.

వాస్తవం: అమ్ముకోవాలంటే కంపెనీ అనుమతి, బదిలీ ఫీజు కావాలి, అసలు కొనేవాడు దొరకాలి. పాత మెంబర్‌షిప్ కొన్న ధరలో చిన్న భాగానికే పోతుంది. ఇక "రాత్రులు వాడుకోకపోతే డబ్బు లాభంతో వెనక్కిస్తాం" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచిపోండి. పాన్‌కార్డ్ క్లబ్స్ అనే కంపెనీ హోటల్ రాత్రుల పేరుతో ఇలాగే జనం నుంచి డబ్బు వసూలు చేసింది. అది హాలిడే పథకం కాదని, అనుమతి లేని సామూహిక పెట్టుబడి పథకమని పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే సెబీ తేల్చింది. 2016లో ఆ కంపెనీని వాపస్ ఇవ్వమన్న మొత్తం 7,000 కోట్లకు పైనే. మదుపు చేసినవాళ్లు 50 లక్షల మందికి పైగా.

"మీ మెంబర్‌షిప్ అమ్మిపెడతాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ కట్టండి" అంటూ వచ్చే ఫోన్లకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు. పంపి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: ఇవన్నీ మోసాలే, ఎవరికీ పనికిరావు.

వాస్తవం: పనికొచ్చేవాళ్లున్నారు. ఏటా తప్పకుండా తిరిగేవాళ్లు, నెలల ముందే తేదీలు ఖాయం చేసుకోగలవాళ్లు, అప్పు లేకుండా కట్టగలవాళ్లు. అమ్మానాన్నలు, పిల్లలతో కలిసి ఏడెనిమిది మంది వెళ్లే ఇంటికి వంటగది ఉన్న రెండు బెడ్‌రూముల యూనిట్ నిజంగా సుఖం. రిటైరైనవాళ్లు సీజన్ కాని రోజుల్లో హాయిగా వెళ్లగలరు, అయితే 65 ఏళ్ల వయసులో 25 ఏళ్ల ఒప్పందం ఎందుకన్నది వాళ్లు వేసుకోవాల్సిన ప్రశ్న. అలాంటివారికి తక్కువ ఏళ్ల పథకమో, పాత మెంబర్ నుంచి మిగిలిన ఏళ్లు కొనుక్కోవడమో మేలు.

అపోహ: సంతకం పెట్టేశాం, ఇక చేయగలిగింది లేదు. కేసు వేయాలన్నా ముంబైకో చెన్నైకో వెళ్లాలి.

వాస్తవం: ఒప్పందంలో ఫలానా ఊరి కోర్టుకే అధికారం అని రాసి ఉంటుంది, గొడవను కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే ఆర్బిట్రేషన్ క్లాజు ఉంటుంది. అది చదివి చాలామంది ఆగిపోతారు. ఆగనక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే లేదా పనిచేసే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. ఒప్పందంలో ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్ తలుపు మూసుకోదని ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చెల్లించిన మొత్తం 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషన్ చాలు, 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. ఒప్పందంలోని షరతులే అన్యాయమైనవని సవాలు చేయాలంటే మాత్రం రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. గడువు రెండేళ్లు. "చూస్తాం సార్, చేస్తాం సార్" అన్న కస్టమర్ కేర్ మాటలు నమ్ముకుని ఆ రెండేళ్లు కరిగించుకోవద్దు.

కొని ఇంకా కొద్ది రోజులే అయితే ముందు రద్దు గడువు చూడండి. పది రోజులు అన్నది తరచుగా కనిపిస్తుంది. ఆ పది రోజులు డబ్బు కట్టిన తేదీ నుంచా, ఒప్పందం చేతికందిన తేదీ నుంచా అన్నది చదవండి. ఫోన్ చేసి చెబితే సరిపోదు. "రద్దు చేసుకుంటున్నాను, కట్టిన మొత్తం వాపస్ ఇవ్వండి" అని మెంబర్‌షిప్ నంబరు, చెల్లించిన తేదీ, మొత్తం రాసి మెయిల్ పెట్టండి. అదే ఉత్తరాన్ని కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. ఈఎంఐ అయితే బ్యాంకుకు కూడా ఒక కాపీ పంపండి. ఈలోగా "మీ ప్లాన్ అప్‌గ్రేడ్ చేస్తాం, ఒకసారి ఆఫీసుకు రండి" అని పిలుస్తారు. గడువు ముగిసేదాకా వెళ్లకండి, కొత్త కాగితాల మీద సంతకం పెట్టకండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ నంబరు, పోస్టాఫీసు రసీదు రెండూ ఫైల్లో పెట్టుకుని లాయర్ దగ్గరకు రండి.