అంబాసిడర్‌కి ఛాసిస్ ఎక్కడుంది? – పాత బండ్ల మీద అపోహలు, వాస్తవాలు

"కింద ఛాసిస్ రాయిలా ఉంది బాబూ, పైన రేకే కాస్త పోయింది."

శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో టింకరింగ్ షెడ్డు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. పెరట్లో ఏళ్ళ తరబడి పడున్న అంబాసిడర్‌ని లేపాలని వచ్చేవాళ్ళ నోట ఈ మాట వినని నెల లేదు. మొన్న సోంపేట నుంచి ఒక రిటైర్డు మాస్టారు ఫోన్ చేసి అచ్చంగా ఇదే అన్నారు. అది వాళ్ళ నాన్నగారి బండట. ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు.

అపోహ: రేకు పోతే పోనీ, ఛాసిస్ ఉంది కదా.

ఛాసిస్ అంటే బండి కింద బరువంతా మోసే ఇనుప చట్రం. అంబాసిడర్‌కి విడిగా ఛాసిసే లేదు. జీపుకి ఉంటుంది, లారీకి ఉంటుంది. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి ఇది. దీనికి బాడీయే ఛాసిస్. ఫ్లోరు, డోర్ల కింద పొడుగ్గా గుమ్మంలా ఉండే బోలు భాగం, పిల్లర్లు, టాపు అన్నీ కలిపి వెల్డు చేసిన ఒకే పెట్టె. ముందు చక్రాల బరువు మోసే టార్షన్ బార్లు (స్ప్రింగుల్లా పనిచేసే ఉక్కు కడ్డీలు) కూడా వెనక్కి వచ్చి ఫ్లోరు కింద అడ్డంగా ఉండే దూలానికే, అంటే క్రాస్ మెంబర్‌కే బిగుస్తాయి. కాబట్టి "రేకే పోయింది" అంటే ఇంటికి "గోడలే పోయాయి, ఇల్లు బాగుంది" అన్నట్టు.

ఈ అపోహ వల్ల డబ్బెలా పోతుందో చెప్తాను. నాలుగేళ్ళ కిందట ఒకాయన తళతళలాడే తెల్లటి అంబాసిడర్ తెచ్చారు. ఇంకెక్కడో ఎనభై వేలు పోసి చేయించారు. ఒక్క వానాకాలం గడిచిందో లేదో గుమ్మం పొడవునా రంగు బుడగలు లేచింది. అయస్కాంతం పెడితే అంటుకోలేదు. స్క్రూడ్రైవర్ నొక్కితే పిడి దాకా దిగిపోయింది. లోపల గోనెగుడ్డ కుక్కి, దాని మీద వేలి మందాన పుట్టీ మెత్తారు. పుట్టీ తడి పీల్చుకుంటుంది. తుప్పు మీద పెడితే దాన్ని ఆపదు సరికదా, కప్పిపెట్టి లోపల్లోపలే తినేలా చేస్తుంది. ఆయన నన్నేమీ అనలేదు గానీ, ఆ ముఖం చూడలేకపోయాను.

బండి కొనేముందు, లేదా బాగుచేయించేముందు మీరే చూసుకోవచ్చు. నాలుగు డోర్లూ తెరిచి మూయండి, ఎలా పడుతున్నాయో గుర్తుపెట్టుకోండి. తర్వాత బండిని ఒక పక్క జాకీతో ఎత్తి మళ్ళీ తెరిచి మూయండి. ఇప్పుడు డోరు పట్టేసినా, సందు మారినా గుమ్మంలో బలం లేదన్నమాట. ఇక రంగు గురించి మాట్లాడడం దండగ.

కుళ్ళిన గుమ్మాన్ని కోసి కొత్త రేకు వేయాలి. కోసేముందు డోరు సందులో అడ్డంగా పైపు వెల్డు చేసి బాడీని నిలబెట్టుకోవాలి. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. షెడ్డు పెట్టిన కొత్తలో ఉత్సాహంగా రెండు గుమ్మాలూ ఒకేసారి కోసేశాను. బండి మధ్యలో కుంగింది. ఆ డోర్లు మళ్ళీ సరిగ్గా పడలేదు. ఆ పనికి డబ్బు తీసుకోలేదు, ఎదురిచ్చాను. వెల్డింగ్‌కి ముందు పెట్రోలు ట్యాంకు దించాలని వేరే చెప్పాలా? చెప్పాలి. ఖాళీ ట్యాంకే కదా అంటారు, నిండు ట్యాంకు కన్నా ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం.

అపోహ: బరకం కప్పి ఉంచాం, భద్రంగానే ఉంది.

మట్టి నేల మీద బండి పెట్టి చుట్టూ బరకం బిగిస్తే, నేల తడి రాత్రుళ్ళు బండి కిందే చెమట పడుతుంది. సముద్రం పక్కనున్న మా ఉద్దానం వైపు ఉప్పుగాలి అదనం. పశువుల శాలలో పెట్టినవైతే పేడ, మూత్రం ఆవిరికి ఇంకా త్వరగా పోతాయి. 2018లో తిత్లీ తుపానుకి కొబ్బరిచెట్టు పడి టాపు నొక్కుకుపోయిన బండిని బాగుచేశాను. అది సులువైన పనే. బరకం కింద క్షేమంగా ఉందనుకున్న బండే నన్ను ఏడిపించింది.

అపోహ: కొత్త బ్యాటరీ పెట్టి తోస్తే స్టార్టవుతుంది.

అవ్వొచ్చు. ఇంజిన్‌లో పిస్టన్ రింగులు విరగనూ వచ్చు. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, రెండ్రోజులు ఆగి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి చూడండి. మిగతాది మెకానిక్ చూసుకుంటాడు.

అపోహ: 15 ఏళ్ళు దాటితే తుక్కుకే.

వాట్సాప్ మాట. అది ఢిల్లీ గొడవ, మనకి లేదు. సొంత బండి ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్ళకోసారి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకోవచ్చు, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఓనరు చనిపోతే వారసుల పేరు మీదికి ఫారం 31తో మారుతుంది. దీనికి టెన్షన్ పడి బండిని తూకానికి అమ్ముకున్నవాళ్ళున్నారు, పాపం.

అపోహ: పాతదైతే వింటేజే, లక్షలు పలుకుతుంది.

2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం వింటేజ్ అనిపించుకోవాలంటే మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 ఫీజు. పైగా ఆ నంబరుతో రోజూ బజారుకి వెళ్ళకూడదు. 2014 దాకా తయారైన బండి కదా, మీ ఇంట్లోది ఎప్పటిదో ముందు ఆర్‌సీ తీసి చూడండి.

సోంపేట మాస్టారికి ఒక్కటే చెప్పాను: డ్రైవర్ కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి, బానెట్ ఫొటో వద్దు. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశారు. మ్యాట్ ఎత్తితే కింద తిరుగుతున్న కోడిపిల్ల కనిపించిందట. కాసేపు ఇద్దరం నవ్వుకున్నాం. "అయితే ఇంక అంతేనా బాబూ?" అన్నారు. అంతేమీ కాదు మాస్టారూ, ఫ్లోరు మార్చొచ్చు, క్రాస్ మెంబర్ ఎలా ఉందో చూడాలి అన్నాను. బుధవారం సుత్తి, స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్తున్నాను.