‘ఫైనల్ ఛాప్టర్’: ఒక ఎడిటర్‌కి ఎదురైన అపోహలు

సినిమా ఎడిటర్‌నని చెబితే చాలు, ఎవరో ఒకరు ‘రెసిడెంట్ ఈవిల్: ది ఫైనల్ ఛాప్టర్’ ఎత్తుతారు. వీడియో గేముల ఆధారంగా తీసిన ఇంగ్లీష్ యాక్షన్ సిరీస్‌లో ఆరో సినిమా అది. మొన్న పెళ్లిభోజనాల దగ్గర మా బావగారి వంతు. “అలా ముక్కలు ముక్కలుగా కోసేస్తే ఏం కనపడుతుందోయ్? ఫైట్లు రాకే కదా ఆ గోలంతా?” విస్తరి ముందు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

అపోహ: హీరోయిన్‌కి ఫైట్లు రాక, షాట్లని ముక్కలు చేసే కట్లతో కప్పేశారు.

వాస్తవం: హీరోయిన్ ఆలిస్‌గా మిల్లా జోవోవిచ్ 2002 నుంచీ ఈ ఫైట్లే చేసింది. 2010లో వచ్చిన నాలుగో సినిమాలో గొడ్డలి రాక్షసుడితో ఫైట్ చూడండి. నీటి చుక్కలు గాల్లో ఆగాయా అన్నంత స్లో మోషన్, నింపాదిగా సాగే షాట్లు. దర్శకుడు ఆరో సినిమాకీ ఆయనే, పాల్ డబ్ల్యూ.ఎస్. ఆండర్సన్. మారింది పద్ధతి. ఈసారి ఎడిటర్ డూబీ వైట్, కట్లు మెరుపు వేగం.

అయితే వేగం ఒక్కటే తప్పు కాదు. ఒక దెబ్బని నా టైమ్‌లైన్ మీద మూడు ముక్కలు చేశాననుకోండి: చెయ్యి లేవడం 8 ఫ్రేములు, తగలడం 5, మనిషి పడటం 10. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి మొత్తం సెకను లోపే. చెయ్యి లేచేటప్పుడు ప్రేక్షకుడి చూపు తెరకి కుడివైపు ఉంటే, తగిలే షాట్ కూడా కుడివైపే మొదలవ్వాలి. ఎడమవైపు మొదలైతే కన్ను వెతుక్కునే లోపే ఆ 5 ఫ్రేములూ అయిపోతాయి. దెబ్బ పడింది, చూసినవాడు లేడు. చూపు దారి తప్పకపోతే ఇంతకన్నా వేగంగా కోసినా ఎవరూ గమనించరు. ఈ సినిమాలో, ముఖ్యంగా భూగర్భంలో చీకటి సీన్లలో, ఆ దారి చాలాసార్లు తెగిందనే నా లెక్క. అంటే బావగారి చికాకు నిజమే, ఆయన చెప్పిన కారణమే తప్పు.

అపోహ: త్రీడీలో తీశారు కాబట్టే కళ్లు తిరిగాయి.

వాస్తవం: త్రీడీ కెమెరాలతో తీసినవి నాలుగు, ఐదు సినిమాలు. ఇది మామూలుగా తీసి తర్వాత త్రీడీలోకి మార్చారు. త్రీడీలో షాట్ మారినప్పుడల్లా కన్ను లోతుని కొత్తగా పట్టుకోవాలి, అందుకే కాస్త ఎక్కువసేపు నిలుపుతాం. టూడీ వేగంతో కోసినదానికి త్రీడీ కళ్లద్దాలు తగిలిస్తే తలనొప్పి రాక ఏమొస్తుంది?

అపోహ: ఇప్పుడంతా గ్రాఫిక్సే, రిస్కేముంది?

వాస్తవం: 2015లో దక్షిణాఫ్రికాలో షూటింగ్ జరుగుతుండగా, మిల్లాకి డూప్‌గా బైక్ నడుపుతున్న స్టంట్ కళాకారిణి కెమెరా క్రేన్‌కి గుద్దుకుంది. ఆమె ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. అదే సెట్‌లో వాహనం కింద నలిగి యూనిట్ సభ్యుడొకరు చనిపోయారు. ఇది చదివాక, రష్‌లో, అంటే ఇంకా ఎడిట్ చెయ్యని ఫుటేజ్‌లో, బైక్ కెమెరా మీదికి వచ్చే షాట్ వస్తే ముందు పాజ్ కొట్టి, మధ్యలో ఎంత ఖాళీ ఉందో చూస్తున్నాను. అందులో చెయ్యడానికి నాకేమీ ఉండదు, అప్పటికే తీసేసి ఉంటారు. అయినా చూస్తాను.

అపోహ: అట్టర్ ఫ్లాప్.

వాస్తవం: అమెరికా వరకే చూస్తే అలాగే ఉంటుంది, అక్కడ 2.7 కోట్ల డాలర్లు కూడా రాలేదు. 4 కోట్ల డాలర్ల బడ్జెట్‌కి ప్రపంచమంతా కలిపి 31 కోట్లు దాటింది. అందులో సగం ఒక్క చైనాదే. సిరీస్ మొత్తంలో ఎక్కువ వసూలు చేసింది ఇదే.

అపోహ: పేరులోనే ఉంది కదా, కథ అక్కడితో సమాప్తం.

వాస్తవం: చివర్లో ఆలిస్ బైక్ మీద న్యూయార్క్ వైపు పోతూనే ఉంటుంది, వెనకాల ఎగిరే మృగాలు తరుముతూ ఉంటాయి. అది సమాప్తమో కాదో మీరే తేల్చుకోండి. 2021లో కొత్త నటులతో కథ మొదలైన ఊరు, 1998 నాటి రకూన్ సిటీ నుంచి మళ్లీ మొదలుపెట్టారు. అందులో ఆలిస్ లేదు. ఎందుకుంటుంది? ఆమె సినిమాల కోసం పుట్టించిన పాత్ర, అసలు వీడియో గేముల్లోనే లేదు.