సాయం లారీ ఎక్కితే సరిపోదు: ఒడిశా సరిహద్దులో కరోనా సహాయం, అపోహలు - వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, గునుపురం వైపు సహాయ సంస్థల్లో పనిచేసేవాళ్లు కనబడితే జనం రెండే మాటలంటారు. "మీరు దేవుళ్లండీ బాబూ" అని ఒకరు. "వచ్చిన సరుకులో సగం మీరే మింగేశారు" అని ఇంకొకరు. కరోనా వెళ్లి ఇన్నేళ్లయినా ఈ రెండు మాటలూ పోలేదు. 2020, 2021లో గంజాం, గజపతి జిల్లాల్లో నా పని, సరుకు పంచే సంస్థలు ఒకదాని మీద ఒకటి పడకుండా చూడటం. ఎవరి గోదాంలో ఏముంది, ఎవరు ఏ ఊరికి బయల్దేరారు, ఏ ఊరు మిగిలిపోయింది... పొద్దున లేస్తే ఇదే గోల. ఆ కుర్చీలోంచి చూస్తే తేలినవి ఇవి.

అపోహ: సరుకు చాలకే జనం ఇబ్బంది పడ్డారు.

వాస్తవం: 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక తొలి నెలల్లో మా వైపు బియ్యానికి పెద్ద కరువేమీ లేదు. ఒడిశా ప్రభుత్వం మూడు నెలల రేషన్ ముందే ఇచ్చేసింది, కార్డుకు వెయ్యి రూపాయలు వేసింది. కేంద్రం ఏప్రిల్ నుంచి మనిషికి 5 కిలోలు అదనంగా ఇచ్చింది. వంటశాలలు నడిపే స్వచ్ఛంద సంస్థలకు భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో వేలంపాట లేకుండా కిలో 22 రూపాయలకే బియ్యం దొరికాయి.

కరువు సమాచారానికి వచ్చింది. జాతీయ రహదారి పక్క ఊరికి ఒకే వారంలో మూడు సంస్థలు వెళ్లేవి. అక్కడ లారీ తిప్పుకోవడానికి చోటుంది, బ్యానర్ కట్టడానికి బడి గోడ ఉంది. గజపతి జిల్లా మోహన, ఆర్.ఉదయగిరి కొండల మీది సవర గూడేలకు వెళ్లాలంటే, రోడ్డు ఆగిన చోట బస్తా దించి నెత్తిన పెట్టుకుని ఎక్కాలి. అక్కడికి ఎవరూ రాలేదంటే ఎవరికీ మనసు లేక కాదు, ఎవరో వెళ్లే ఉంటారులే అని అందరూ అనుకోవడం వల్ల.

కార్డు సంగతి మరీ తిరకాసు. ఇటుక బట్టీల్లో చిక్కుకుపోయిన బయటి కూలీలకు ఇక్కడ కార్డు లేదు. కాపురం ఒడిశాలో, కార్డు మాత్రం ఇచ్ఛాపురం పుట్టింట్లో ఉన్న కోడళ్లు సరిహద్దు ఊళ్లలో కొల్లలు. ఎక్కడి కార్డైనా ఎక్కడైనా చెల్లే పథకంలో ఒడిశా చేరిందే 2020 జూన్ 1న. అంతవరకూ ఆంధ్రా కార్డు ఇక్కడ ఉత్త కాగితం. అటు కోరాపుట్ జిల్లా కోటియా ఊళ్లలో, రెండు రాష్ట్రాలూ మావంటే మావని కోర్టుకెక్కిన చోట, రెండు కార్డులున్న ఇళ్లూ ఉన్నాయి. వాళ్లను తప్పుపట్టడానికేం లేదు, ఇద్దరు ఇస్తుంటే ఎవరు వద్దంటారు? పట్టిక వేసేవాడికి మాత్రం అది తెలిసి ఉండాలి.

ఆ పట్టిక పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ఎవరు, ఏమిటి, ఎక్కడ అని మూడు గడులు. ఐక్యరాజ్యసమితి సంస్థలు పెద్ద విపత్తుల్లో వాడేదీ ఇదే. మాది వాట్సాప్ గ్రూపులో తిరిగే ఎక్సెల్ షీటు. కొన్నాళ్లకు నాలుగో గడి కలిపాం: ఇచ్చింది ఎప్పటికి అయిపోతుంది. నన్నడిగితే అన్నిటికన్నా పనికొచ్చిన గడి అదే.

అపోహ: ఒక కిట్ ఇస్తే ఒక కుటుంబానికి నెల గడిచిపోతుంది.

వాస్తవం: 5 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, అర లీటరు నూనె, ఉప్పు, పసుపు. దాతలకు ఇష్టమైన కిట్ ఇది. చూడ్డానికి నిండుగా ఉంటుంది, ఫోటోలో బాగుంటుంది. ఇప్పుడు లెక్క వేయండి. విపత్తు సహాయానికి ప్రపంచమంతా అనుసరించే స్ఫియర్ ప్రమాణాల్లో మనిషికి రోజుకు 2,100 కిలోకేలరీలు అందాలని ఉంది. అందులో తిండిగింజల వాటా సుమారు 400 గ్రాములు. ఐదుగురున్న ఇంట్లో రోజుకు 2 కిలోలు. అంటే ఆ 5 కిలోల సంచి మూడో రోజు మధ్యాహ్నానికి దులిపేయాల్సిందే. పదిహేను రోజులు గడవాలంటే 30 కిలోల బియ్యం, నాలుగున్నర కిలోల పప్పు, రెండు లీటర్లకు దగ్గరగా నూనె కావాలి.

ఈ లెక్క చెబితే దాత ముఖం మాడిపోతుంది. బియ్యం లెక్కన 600 కిట్లు అని రాసుకున్న చోట 100 అవుతాయి మరి. నా ఓటు ఆ 100కే. ఇంకా మంచి పని ఏమిటంటే, రేషన్ బియ్యం అందుతున్న ఇంటికి మళ్లీ బియ్యం మొయ్యకుండా పప్పు, నూనె, చింతపండు, సబ్బు ఇవ్వడం. ఉప్పుడు బియ్యం తినే ఊరికి పచ్చి బియ్యం పంపితే అవి సంతలో తేలతాయి. అప్పుడు "అమ్ముకుంటున్నారు చూశారా" అని మళ్లీ మనమే అంటాం.

అపోహ: తుపానుకు చేసినట్టే దీనికీ చేయొచ్చు. గంజాంకు అలవాటేగా!

వాస్తవం: అలవాటు ఉన్నమాట నిజం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి కొండల్ని ముంచేసింది. అటుకులు, బెల్లం మూటలు కట్టడం, టార్పాలిన్లు పంచడం, తుపాను షెల్టర్లలో వంట చేయడం మా కుర్రాళ్లకు నిద్రలో లేపినా వచ్చు.

కానీ తుపాను పని మొత్తం నడిచేది జనాన్ని ఒకచోట చేర్చడం మీద. మహమ్మారిలో అదే చేయకూడదు. తుపానులో దెబ్బ ఒకచోట తగులుతుంది, మిగతా దేశం సాయానికి వస్తుంది. మహమ్మారిలో విశాఖ వాళ్లు వాళ్ల గొడవలో ఉన్నారు, భువనేశ్వర్ వాళ్లు వాళ్ల గొడవలో ఉన్నారు. సహాయకుడికే జ్వరం వస్తే వాడితో పనిచేసిన బృందం మొత్తం పద్నాలుగు రోజులు మూలన కూర్చోవాలి. అందుకే జట్లను రెండుగా చీల్చి, ఒకరి మొహం ఒకరు చూడకుండా పనిచేయించాం. తుపానుకు వారంలో ఊపిరి ఆడుతుంది, దీనికి ముగింపు తేదీ ఎవరూ చెప్పలేదు. రెండూ కలిసొచ్చిన రోజూ ఉంది: 2020 మే 20న ఆంఫన్ తుపాను వచ్చేసరికి ఒడిశాలో కొన్ని తుపాను షెల్టర్లలో అప్పటికే క్వారంటైన్ మనుషులున్నారు. తీరం జనానికి బడులు, కాలేజీలు వెతకాల్సి వచ్చింది.

అపోహ: సరిహద్దు గేటు తెరిస్తే సాయం దానంతటదే వస్తుంది.

వాస్తవం: సరుకు రవాణాకు కేంద్రం అనుమతి ఇచ్చింది. కాగితం మీద గేటు మూసి ఉన్నది లేదు. అసలు తంటా డ్రైవరుతో. శ్రీకాకుళం నుంచి లారీతో వచ్చినవాడు ఒడిశాలో దిగితే వెనక్కి వెళ్లాక అతన్ని వాళ్ల ఊరివాళ్లే రానివ్వరు. అందుకని చాలాసార్లు ఆంధ్రా వైపు ఇచ్ఛాపురం, ఒడిశా వైపు గిరిసోలా మధ్య రెండు లారీల్ని వెనక భాగాలు ఆనించి నిలబెట్టేవాళ్లం. కలాసీలు అటు లారీలోంచి ఇటు లారీలోకి బస్తా మార్చేవారు, డ్రైవర్లిద్దరూ క్యాబిన్ దిగేవారు కాదు. బిల్లు, సరుకు జాబితా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తాడుతో అందించుకునేవారు. కలాసీల కూలి ఎవరు ఇవ్వాలన్నది ముందు తేల్చకపోతే లారీ ఎండలో అలాగే నిలబడిపోయేది. విరాళం రాసిన పెద్దమనిషికి ఈ కూలి సంగతి తోచనే తోచదు.

ప్రపంచ స్థాయిలోనూ ఇదే కథ. విమానాలు ఆగిపోయాక ప్రపంచ ఆహార కార్యక్రమం మిగతా సహాయ సంస్థల కోసం మనుషుల్ని, సరుకుల్ని మోసే విమానాలు నడపాల్సి వచ్చింది. ఆ ఏడాది నోబెల్ శాంతి బహుమతి వాళ్లకే వచ్చింది.

అపోహ: సూరత్ నుంచి వచ్చినవాళ్లకు అన్నం పెడితే చాలు, క్వారంటైన్‌లో వాళ్లకింకేం కావాలి?

వాస్తవం: సూరత్ మరమగ్గాల్లో గంజాం మనుషులు లక్షల్లో ఉంటారు. 2020 మే 3న అక్కడి నుంచి వలస కూలీల కోసం వేసిన మొదటి శ్రామిక్ రైలు బరంపురం దగ్గర జగన్నాథపూర్ స్టేషన్‌కు వచ్చింది. చెన్నై నుంచి పడవ కొనుక్కుని సముద్రం మీద వచ్చిన మత్స్యకారులూ ఉన్నారు. అందరికీ ఊరి బడే క్వారంటైన్. సర్పంచులకు వాళ్ల పంచాయతీలో కలెక్టరు అధికారాలిచ్చారు, గడువు పూర్తి చేసినవాళ్లకు 2,000 రూపాయల ప్రోత్సాహకం ప్రకటించారు. వండిపెట్టడానికి స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు ముందుకొచ్చారు. కాబట్టి అన్నానికి పెద్దగా లోటు లేదు.

లోటు మరుగుదొడ్డికి. స్ఫియర్ లెక్క ప్రకారం ఇరవై మందికి ఒకటి ఉండాలి, మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లుండాలి. పల్లెల్లో బడికి రెండు దొడ్లుంటే గొప్ప, అందులో ఒకదానికి గడియ ఉండదు. అరవై మంది మనుషులు, చేతిపంపు ఒకటి, మగ్గులు ఎవరూ తేలేదు. "బియ్యం ఇస్తాం సార్" అన్న సంస్థలకు నేను బకెట్లు, మగ్గులు, ఫినాయిల్, చీపుళ్లు, ఆడవాళ్లకు నాప్కిన్లు, దోమతెరలు రాసిచ్చేవాణ్ణి. కొందరు చిన్నబుచ్చుకున్నారు. మగ్గుల పంపిణీకి ఎమ్మెల్యేని పిలవలేరు కదా! కానీ ఒక బడిలో మనుషులు గోడ దూకి పొలానికి వెళ్లడం ఆగింది మాత్రం తాత్కాలిక దొడ్లు రెండు లేపి, ట్యాంకరు తెప్పించాకే.

అపోహ: మనుషుల మీద మందు కొడితే వైరస్ పోతుంది.

పోదు. 2020 ఏప్రిల్ 18న కేంద్ర ఆరోగ్యశాఖే ఇది వద్దని చెప్పింది. క్లోరిన్ నీళ్లు కళ్లకూ చర్మానికీ హాని చేస్తాయి, ఒంట్లోకి వెళ్లిన వైరస్‌ను ఏమీ చేయవు. స్ప్రేయర్లు కొనిస్తామన్నవాళ్లను సబ్బుల వైపు మళ్లించడానికి చాలా నోరు ఖర్చయింది.

అపోహ: ఎన్జీవోలకు విదేశీ డబ్బు కుప్పలుగా వచ్చిపడింది.

వాస్తవం: మన లాక్‌డౌన్ మొదలైన రోజే, 2020 మార్చి 25న, ఐక్యరాజ్యసమితి కరోనా సహాయానికి 201 కోట్ల డాలర్లు కావాలని ప్రపంచాన్ని అడిగింది. జూలైకల్లా ఆ అడిగేది 1,030 కోట్ల డాలర్లకు పెరిగింది. అందులో చేతికొచ్చింది సగం కూడా లేదు. ఇక మన దగ్గర 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు. పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. నిధులు తీసుకోవడానికి ఢిల్లీలోని ఒకే ఎస్‌బీఐ శాఖలో ఖాతా తెరవాలి. లెక్కలు గట్టిగా ఉండాలన్న మాటను నేను కాదనను. కానీ కొండదారి తెలిసింది చిన్న సంస్థలకే. పెద్ద సంస్థ డబ్బు తెస్తుంది, చిన్న సంస్థ ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్తుంది. ఆ గొలుసు తెగాక 2021 ఏప్రిల్, మే నెలల్లో రెండో అల వచ్చిపడింది. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లు పంపుతామన్నా, విదేశీ విరాళాల అనుమతి లేని ఇక్కడి చిన్న సంస్థకు ఆ డబ్బు తీసుకునే దారి లేదు. ఆ నెలల్లో మా పనిలో చాలా భాగం బరంపురం వర్తకుల చందాలతో, అపార్ట్‌మెంట్ల సంఘాల సాయంతో నడిచింది.

అపోహ: ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ పంపితే ప్రాణం నిలిచినట్టే.

వాస్తవం: రెండో అలలో అందరూ ఇదే పంపారు. గాలిలోంచి ఆక్సిజన్ తీసి నిమిషానికి ఐదు లీటర్లిచ్చే ఈ యంత్రం ఒక మోస్తరు రోగికి, డాక్టరు చెప్పిన మేరకు పనికొస్తుంది. ఐసీయూ అవసరమైనవాణ్ణి దాని మీద ఉంచితే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన గంటలు పోతాయి. పైగా దానికి ఆగని కరెంటు కావాలి. గాలివాన వస్తే రాత్రంతా కరెంటు లేని బ్లాకు ఆసుపత్రికి జనరేటరు లేకుండా యంత్రం ఇస్తే దుప్పటి కప్పి మూల పెట్టుకుంటారు. ఫిల్టరు కడిగేదెవరు, తేమ సీసాలో శుద్ధి చేసిన నీళ్లు పోసేదెవరు, పాడైతే బాగుచేసేదెవరు? పంపేముందు ఈ మూడూ అడిగేవాళ్లం. సిలిండరుకూ లెక్కుంది. జంబో సిలిండర్‌లో సుమారు 7,000 లీటర్లు పడుతుంది. నిమిషానికి 10 లీటర్లు వాడే రోగికి అది పన్నెండు గంటలు కూడా రాదు. కాబట్టి సిలిండర్లు ఎన్నున్నాయన్నది తర్వాత, నింపే చోటు ఎంత దూరమన్నది ముందు.

అపోహ: ఫోటో ఉంటే పంచినట్టు, లేకపోతే తిన్నట్టు.

వాస్తవం: ఫోటోలో నలుగురే పడతారు. రుజువు రిజిస్టరు. పేరు, వార్డు, ఏమిచ్చారు, సంతకం. కరోనాలో దీనికీ చిక్కొచ్చింది: అందరూ ఒకే స్టాంపు ప్యాడ్ మీద వేలు పెట్టాలంటే జనం జంకారు, మాకూ భయమే. అందుకని వేలిముద్రలు మానేసి, ఇంటి గుమ్మం దగ్గర సంచి పెట్టి వెనక్కి జరిగి, వార్డు మెంబరు, ఆశా కార్యకర్త ఇద్దరి సంతకాలూ తీసుకున్నాం. సాయంత్రానికి ఆ పేజీ ఫోటో గ్రూపులో పడాలి. పడకపోతే మర్నాడు ఆ సంస్థకు కొత్త ఊరు ఇచ్చేవాళ్లం కాదు. మీ ఊళ్లో ఎవరు పంచినా ఆ పేజీ చూపించమని అడగండి. పంచిన సంస్థ పుస్తకాల బీరువాలో అది ఉండాలి. మీ పేరు ఉండి సరుకు అందకపోతే ఆ సంతకాలు పెట్టిన ఇద్దర్నీ ముందు అడగండి, మమ్మల్ని తర్వాత తిట్టొచ్చు.