కార్డు నంబరులో బిన్ ఆరంకెల నుంచి ఎనిమిదికి ఎందుకు పెరిగింది?

బిన్ అంటే కార్డు నంబరు మొదట్లో ఉండి, ఏ బ్యాంకు ఇచ్చిందో చెప్పే అంకెలు. 2022 ఏప్రిల్ నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ కొత్తగా కేటాయించే బిన్‌లు ఎనిమిది అంకెలవి. అంతకుముందు ఆరే. కార్డు మీద మాత్రం ఎప్పటిలాగే పదహారు అంకెలున్నాయి కాబట్టి జేబులో కార్డు పెట్టుకు తిరిగేవాళ్లకు తేడా తెలియలేదు. ఇబ్బందంతా వెనక నడిచే సాఫ్ట్‌వేర్‌కి వచ్చింది. ‘మొదటి ఆరంకెలు చూస్తే ఏ బ్యాంకు కార్డో తెలుస్తుంది’ అన్న నమ్మకం మీద రాసిన ప్రోగ్రాములు లెక్కలేనన్ని ఉన్నాయి మరి.

ఆ ఆరంకెల లెక్క ఎక్కడిదో తెలియాలంటే చెల్లింపు కార్డుల తొలిరోజులకు వెళ్లాలి. 1950లో డైనర్స్ క్లబ్, 1958లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్, బ్యాంక్‌అమెరికార్డ్ వచ్చాయి. ఈ బ్యాంక్‌అమెరికార్డే 1976లో వీసా అయింది. అప్పట్లో నంబర్లు ఎవరి పద్ధతిలో వాళ్లు వేసుకునేవారు. దుకాణంలో కార్డును ఇంప్రింటర్‌లో పెట్టి నొక్కితే ఉబ్బెత్తు అంకెలు కార్బన్ స్లిప్పు మీద పడేవి. పెద్ద మొత్తమైతే ఫోన్ చేసి అనుమతి తీసుకునేవారు. పోయిన కార్డుల నంబర్లు అచ్చేసిన జాబితాను చేత్తో వెతికి చూసేవారు. నంబరును మనిషి చదవడం, మనిషే టైపు చేయడం. ఒక్క అంకె తప్పితే బిల్లు ఇంకొకరి ఖాతాలో పడుతుంది.

ఈ రకం పొరపాట్లకు విరుగుడు అప్పటికే సిద్ధంగా ఉంది. ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్ 1954లో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1960లో అది మంజూరైంది. నంబరు సరిగా ఉందో లేదో చేతిలో పట్టుకుని సరిచూసుకునే చిన్న యంత్రం అది. దాని వెనకున్న లెక్కే ఇవాళ కార్డు చివరి అంకెను నిర్ణయిస్తుంది.

తర్వాత అయస్కాంత పట్టీ వచ్చింది. అమెరికన్ బ్యాంకర్స్ అసోసియేషన్ రూపొందించిన, పట్టీ మీద సమాచారం రాసే వరుసల్లో ఒకటైన రెండో ట్రాక్‌లో గరిష్ఠంగా 40 అక్షరాలు పడతాయి. నంబరు, గడువు తేదీ, కార్డును ఎక్కడ ఎలా వాడొచ్చో చెప్పే సర్వీస్ కోడ్ అన్నీ అందులోనే ఇమడాలి. కార్డు నంబరుకు 19 అంకెల పరిమితి పెట్టింది ఈ ఇరుకులోనే. 1980లలో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ తెచ్చిన 7812 ప్రమాణం ఈ అమరికను ఒక దారికి తెచ్చింది: మొదట కార్డు జారీదారు గుర్తింపు ఆరంకెలు (అదే బిన్), తర్వాత ఖాతా అంకెలు, చివర నంబరును సరిచూసే ఒక అంకె, అంటే చెక్ డిజిట్.

ఆ ప్రమాణంలో మొట్టమొదటి అంకె పరిశ్రమను చెబుతుంది: 1, 2 విమానయానానికి, 3 ప్రయాణాలూ వినోదానికి, 4, 5 బ్యాంకులకు, 6 వర్తకానికీ బ్యాంకులకూ, 7 పెట్రోలుకు, 8 ఆరోగ్యానికీ టెలికాంకూ, 9 దేశాల సొంత కేటాయింపులకు. ఈ పట్టిక ఇప్పటికీ అందరూ ఒప్పజెబుతుంటారు గానీ, దాన్ని నమ్ముకుని కోడ్ రాస్తే బోల్తాపడతారు. మాస్టర్‌కార్డ్ ఇప్పుడు 2221 నుంచి 2720 వరకూ వాడుతోంది. రూపే కార్డుల్లో 81, 82తో మొదలయ్యేవి ఉన్నాయి. వీటికి విమానాలతోనూ ఆసుపత్రులతోనూ ఏ సంబంధమూ లేదు.

కొరత ఎలా వచ్చిందో లెక్క వేస్తే తెలుస్తుంది. 4తో మొదలయ్యే ఆరంకెల బిన్‌లు మొత్తం లక్ష. వీసాకు అంతే. మాస్టర్‌కార్డ్‌కు 51 నుంచి 55 వరకూ కలిపి 50,000 మాత్రమే. 2221–2720 శ్రేణితో ఇంకో 50,000 కలిశాయి. బ్యాంకుకో బిన్ అనుకుంటే ఇది బోలెడంత. కానీ ఒకే బ్యాంకు క్రెడిట్‌కు ఒకటి, డెబిట్‌కు ఒకటి, ప్రీపెయిడ్‌కు, వ్యాపార కార్డులకు వేర్వేరుగా తీసుకుంటుంది. ఒక్కో ఆరంకెల బిన్ కింద పదహారంకెల కార్డులో ఖాతాకు తొమ్మిది అంకెలు, అంటే వంద కోట్ల నంబర్లు. చిన్న జారీదారు అందులో కొన్ని వేలు వాడి మిగతాదంతా వృథాగా వదిలేస్తాడు. ఐఎస్ఓ 7812కు 2017లో చేసిన సవరణ బిన్‌ను ఎనిమిదికి పెంచింది. ఖాతాకు ఏడంకెలు, అంటే కోటి నంబర్లు మిగిలాయి. ఒక పాత బిన్ వంద కొత్త బిన్‌లుగా చీలింది.

చీలికతో వచ్చిన చిక్కు ఇదీ. భద్రత కోసం కార్డు నంబరులో మధ్య అంకెలు దాచి చూపిస్తారు. 6+4 పద్ధతిలో మొదటి ఆరు, చివరి నాలుగు కనబడితే దాగినవి ఆరంకెలు, పది లక్షల అవకాశాలు. లూన్ లెక్కకు సరిపోయేవి అందులో పదోవంతే కాబట్టి లక్ష మిగులుతాయి. ఎనిమిదంకెల బిన్ మొత్తం చూపిస్తే దాగేవి నాలుగే. పదివేలలో లూన్ వడపోత తర్వాత వెయ్యి. కార్డు సమాచారానికి సంబంధించిన పీసీఐ భద్రతా ప్రమాణం తెర మీద బిన్, చివరి నాలుగంకెలు చూపడాన్ని అనుమతిస్తుంది. కానీ అదే కార్డుకు నంబరు నుంచి లెక్కగట్టిన గుర్తును, అంటే రహస్య కీ వాడని హ్యాష్‌ను కూడా పక్కనే దాస్తే వెయ్యి నంబర్లు ప్రయత్నించి అసలుది పట్టుకోవడం కంప్యూటరుకు రెప్పపాటు పని.

ఇక చెక్ డిజిట్. ఆన్‌లైన్ చెల్లింపులు నడిపే పేమెంట్ గేట్‌వేలు టెస్టింగ్ కోసం బహిరంగంగా ఇచ్చే అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) నంబరు 3782 822463 10005 తీసుకుందాం. కుడి చివర నుంచి మొదలుపెట్టి ప్రతి రెండో అంకెను రెట్టింపు చేయాలి, తొమ్మిది దాటితే తొమ్మిది తీసేయాలి. రెట్టింపైనవి కలిపితే 27, మిగతావి కలిపితే 33. మొత్తం 60, పదితో భాగించబడుతుంది కాబట్టి నంబరు సరే. ఎడమ నుంచి మొదటి అంకెతో రెట్టింపు మొదలుపెడితే ఇదే నంబరుకు 48 వస్తుంది, చెల్లే కార్డు తిరస్కరణకు గురవుతుంది. పదహారంకెల కార్డులకు రెండు దారులూ ఒకే ఫలితమిస్తాయి, అందుకే ఈ తప్పు అమెక్స్ వచ్చేదాకా బయటపడదు.

ఒక్క అంకె తప్పును లూన్ ఎప్పుడూ పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే 09, 90 జత తప్ప మిగతావన్నీ దొరుకుతాయి. 22 బదులు 55 పడితే మాత్రం దొరకదు. ఇది చేతి పొరపాటుకు కాపలా, దొంగకు కాదు. బిన్ తెలిసినవాడు లూన్‌కు సరిపోయే నంబర్లు ఎన్నైనా తయారుచేసుకోగలడు. గడువు తేదీ, సీవీవీ అడగాల్సి వచ్చింది అందుకే.

మామూలుగా కనిపించే ఇంకో నష్టం స్ప్రెడ్‌షీట్‌లో జరుగుతుంది. ఎక్సెల్ పదిహేను అంకెలకు మించి కచ్చితంగా దాచదు. పదహారంకెల నంబరును సంఖ్యగా దించితే చివరి అంకె సున్నా అయిపోతుంది. సరిగ్గా చెక్ డిజిట్టే పోతుందన్నమాట. నంబరును ఎప్పుడూ టెక్స్ట్‌గానే దాచాలి, పొడవు 16 అని బిగించకూడదు. అమెక్స్ 15, పాత డైనర్స్ 14, ప్రమాణం ఒప్పుకునే గరిష్ఠం 19.

ఫోన్‌తో చెల్లించినప్పుడు వెళ్లేది కార్డు నంబరు కాదు, దాని బదులు వాడే మరో నంబరు, అంటే టోకెన్. దానికీ సొంత బిన్ ఉంటుంది, లూన్ లెక్కకు సరిపోతుంది, కాబట్టి మధ్యలోని యంత్రాలకు అది మామూలు కార్డులాగే కనిపిస్తుంది. రసీదు మీది చివరి నాలుగంకెలు కార్డు మీదివాటితో కలవకపోతే కారణం చాలాసార్లు ఇదే. వస్తువు తిరిగిచ్చి డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడు కార్డు కాకుండా అదే ఫోన్ ఆనించాలి. కార్డు ఆనిస్తే నంబరు వేరుగా కనిపించి, పాత లావాదేవీ దొరకడం లేదంటుంది కౌంటర్లోని యంత్రం.