‘రన్’ అంటే పరుగేనా? అనువాదంలో అపోహలు - వాస్తవాలు

అపోహ: ‘రన్’ అసలు అర్థం పరుగెత్తడమే, మిగతావన్నీ దానికి పోలికగా పుట్టినవి.

వాస్తవం: పాత ఇంగ్లిష్‌లో దీని మూలమైన ‘రిన్నన్’కు నీరు పారడం, మనిషి పరుగెత్తడం రెండూ అర్థాలే. దాని జర్మన్ చుట్టం ‘రిన్నెన్’ ఇప్పటికీ ద్రవం కారడాన్నే చెబుతుంది. అందుకే ఏరు పారినా, ముక్కు కారినా, ఉతికిన బట్ట రంగు దిగినా ఇంగ్లిష్‌లో ‘రన్’ అంటే సరిపోతుంది.

అపోహ: ఇంగ్లిష్‌లో అన్నిటికంటే ఎక్కువ అర్థాలున్న మాట ‘సెట్’.

వాస్తవం: 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ క్రియకు సుమారు 430 అర్థాలున్నాయి. మూడో కూర్పు కోసం సవరించినప్పుడు ‘రన్’ క్రియ 645తో దాన్ని దాటేసింది. అంకె చూసి బెదరక్కర్లేదు. అది చారిత్రక నిఘంటువు, వాడుకలోంచి పోయిన అర్థాలను కూడా వదలదు.

అపోహ: పెద్ద నిఘంటువు పక్కనుంటే సరైన అర్థం ఏరుకోవచ్చు.

వాస్తవం: నిఘంటువు తెరిచే ముందు వాక్యంలో మూడు చూడాలి.

మొదట కర్త. సినిమా అయితే వంద రోజులు ‘ఆడింది’. బస్సు అయితే ‘నడుస్తోంది’. ఎన్నికల్లో అభ్యర్థి అయితే ‘నిలబడ్డాడు’. తెలుగులో మూడూ వేరు క్రియలు, ఇంగ్లిష్‌లో ఒక్కటే.

తర్వాత కర్మ. అది లేకపోతే ఆమె పరుగెత్తుతోంది, హోటల్ అని ఉంటే నడుపుతోంది. పత్రిక ఒక వార్తను ‘రన్’ చేసిందంటే ప్రచురించిందని.

చివరగా పక్కనుండే చిన్న మాట. ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. ‘రన్ ఔట్ ఆఫ్’ అంటే అయిపోవడం. ‘రన్ ఇంటూ’ తర్వాత స్నేహితుడుంటే ఎదురుపడటం, గోడ ఉంటే గుద్దుకోవడం, అప్పు ఉంటే కూరుకుపోవడం. ‘రన్ ఓవర్’ అయింది మీటింగ్ అయితే అనుకున్న టైం దాటింది, కుక్కను కారు ‘రన్ ఓవర్’ చేస్తే తొక్కేసింది. చిన్న మాటను వదిలేసి క్రియను మాత్రమే వెతికితే వీటిలో ఒక్కటీ దొరకదు.

అపోహ: ఈ గందరగోళం ఇంగ్లిష్‌కే ఉంది.

వాస్తవం: నిద్ర పట్టింది, ముసురు పట్టింది, తుప్పు పట్టింది, వెళ్లడానికి గంట పట్టింది, చొక్కా పట్టలేదు. తెలుగు నేర్చుకునేవాళ్లను అడగండి! పట్టుచీరలో ‘పట్టు’ మాత్రం పూర్తిగా వేరే మాట, ఆ లెక్కలో కలపకూడదు.

అపోహ: మనం వాడే ‘రన్నింగ్’ ఇంగ్లిష్‌వాళ్లూ అలాగే వాడతారు.

వాస్తవం: ‘రన్నింగ్ బస్సు’ మన వాడుక. అక్కడ కదిలే బస్సును ‘మూవింగ్’ అంటారు, కారే ముక్కును ‘రన్నీ’ అంటారు.

అపోహ: ఒక మాటకు అనువాదంలో ఒక మాటే రావాలి.

వాస్తవం: సాఫ్ట్‌వేర్ బటన్ మీద ‘రన్’కు ‘అమలు చేయి’ చాలు, ‘పరుగు’ అని రాస్తే ఎవరికీ అర్థం కాదు. ‘రన్ ఆన్ ద బ్యాంక్’కు మాత్రం వాక్యమే కావాలి: బ్యాంకు మునిగిపోతుందన్న భయంతో డిపాజిటర్లంతా డబ్బు వెనక్కి తీసుకోవడానికి ఒక్కసారిగా ఎగబడ్డారు.